ఎడమ చక్రానికి కాపలా

ప్రతి ఏటా ఏప్రిల్ నెలాఖరున అమెరికాలోని 32 వృత్తి ఫుట్‌బాల్ జట్లు వరుస కట్టి, కళాశాలల నుంచి వెలువడే యువ ఆటగాళ్లను ఒక్కొక్కరినే ఎంచుకుంటాయి. కోలబంతిని చేత పట్టి ఆడే ఈ ఆటలో ఆ ఎంపికల పండుగకు డ్రాఫ్ట్ అని పేరు. ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన తెలుగు పాఠకునికి ఇది కొంత వింతగా తోస్తుంది. ఇక్కడ పాట ఉండదు. నిరుడు అందరికంటె ఎక్కువగా ఓడిన జట్టు మొట్టమొదట ఎంచుకుంటుంది. విజేత వంతు చిట్టచివర వస్తుంది. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ 1935లో ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. 1936 ఫిబ్రవరిలో తొలి డ్రాఫ్ట్ జరిగింది. అందులో అందరికంటె ముందు ఎంపికైన జే బర్వాంగర్ వృత్తి ఫుట్‌బాల్ ఒక్క ఆటైనా ఆడలేదు. ఎంపికకూ ఫలితానికీ పొత్తు కుదరకపోవడం ఆ మొదటి పేరుతోనే మొదలైంది.

అమెరికాలో శిక్షణకు చేరిన తెలుగు వైద్యులకు ఇటువంటి పంపకం మరొకటి తెలుసు. అది మార్చి నెలలో వచ్చే రెసిడెన్సీ మ్యాచ్. అందులో అభ్యర్థి తన ఇష్టాలను వరుసగా రాసి ఇస్తాడు, ఆసుపత్రి తన ఇష్టాలను రాసి ఇస్తుంది, రెండు జాబితాలనూ ఒక గణనపద్ధతి కలుపుతుంది. డ్రాఫ్ట్‌లో రెండో జాబితా లేదు. ఇరవై రెండేళ్ల యువకుడు ఏ ఊళ్లో బతకాలో, ఏ స్థానంలో నిలబడాలో, ఎవరికోసం దెబ్బలు కాచుకోవాలో ఒక గదిలో కూర్చున్న పెద్దలు తేలుస్తారు. వారు పరిష్కరించవలసిన మొదటి చిక్కు ప్రతిసారీ ఒకటే: ఏ స్థానాన్ని ముందు నింపుకోవాలి?

ఈ ప్రశ్నకు పుస్తకరూపంలో వచ్చిన సమాధానాలలో ప్రసిద్ధమైనది మైకేల్ లూయిస్ రాసిన 'ది బ్లైండ్ సైడ్'. 2006లో వెలువడిన ఈ గ్రంథాన్ని 2009 నాటి చలనచిత్రం వల్ల చాలామంది ఒక అనాథప్రాయుడైన కుర్రవాడి కథగానే ఎరుగుదురు. గ్రంథంలో సగం మాత్రమే ఆ కథ. తక్కిన సగం ఒక స్థానపు చరిత్ర: ఎవరి కంటికీ ఆనని ఒక ఉద్యోగం, పాతికేళ్లలో ఆటలోకెల్లా ఖరీదైన ఉద్యోగాల సరసన ఎలా చేరిందన్న వృత్తాంతం. ఆ సగమే ఇప్పటికీ తాజాగా ఉంది. దానిని పరీక్షకు పెట్టిన సందర్భం 2021లో సిన్సినాటి నగరంలో ఎదురైంది. పుస్తకాన్నీ, ఆ సందర్భాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే లూయిస్ చెప్పినదేమిటో, చెప్పకుండా వదిలినదేమిటో రెండూ తెలుస్తాయి.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. బంతి చేతిలో ఉన్న పక్షానికి క్వార్టర్‌బ్యాక్ నాయకుడు. అతడు వెనక్కి నాలుగడుగులు వేసి, మైదానంలో పరుగెత్తుతున్న సహచరులలో ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాలలో నిర్ణయించుకోవాలి. ఎదుటి పక్షంవారు ఆ లోపలే అతణ్ణి పడగొట్టాలని దూసుకువస్తారు. వారిని ఆపడానికి అతని ముందు అయిదుగురు భారీకాయులు గోడగా నిలుస్తారు. ఆ గోడకు రెండు కొసల నిలిచేవారు టాకిళ్లు. కుడిచేతి వాటం గల క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి దేహాన్ని తిప్పినప్పుడు ఎడమ వైపు అతని వీపు వెనక్కి పోతుంది. ఆ వైపు నుంచి వచ్చే శత్రువు అతనికి కనపడడు. అదే గుడ్డివైపు. దానిని కాచేవాడు లెఫ్ట్ టాకిల్.

వ్యాసభారతం చదివినవారికి ఈ ఉద్యోగం కొత్తది కాదు. కురుక్షేత్రంలో అర్జునుని రథానికి ఎడమ చక్రం దగ్గర యుధామన్యుడు, కుడి చక్రం దగ్గర ఉత్తమౌజుడు కాపలా ఉన్నారు. చక్రరక్షకులని వారికి పేరు. గాండీవం పేరు పసిపిల్లలకు కూడా తెలుసు. ఈ పాంచాల రాకుమారుల పేర్లు పండితులు సైతం ఒక క్షణం తడుముకొని చెప్పవలసినవే. అర్జునుడు వెనుదిరిగి చూసుకోకుండా బాణం వేయగలిగిన ప్రతిసారీ అందులో వారి పాలు ఎంతన్నది ఎవరూ లెక్క రాయలేదు.

ఫుట్‌బాల్‌లోనూ చాలాకాలం ఆ లెక్క లేదు. క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా పడగొట్టడాన్ని సాక్ అంటారు. ఆ సాక్‌లను లీగ్ అధికారికంగా లెక్కపెట్టడం 1982లో గాని మొదలు కాలేదు. దానికి ముందటి ఏడాది న్యూయార్క్ జెయింట్స్ జట్టులోకి లారెన్స్ టేలర్ వచ్చాడు. 1981 డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌ది. వారు బంతి పట్టి పరుగెత్తే జార్జ్ రోజర్స్‌ను తీసుకున్నారు. తప్పేమీ లేదు, అతడు ఆ ఏడాది 1,674 గజాలు పరుగెత్తి లీగ్ అంతటికీ మొదటివాడుగా నిలిచాడు. రెండో అవకాశంతో జెయింట్స్ టేలర్‌ను తీసుకున్నారు. రోజర్స్ ఒక మంచి సంవత్సరం ఇచ్చాడు. టేలర్ ఆట రూపాన్నే మార్చివేశాడు. అతడు గుడ్డివైపు నుంచి వచ్చే వేగానికి అంతవరకూ ఉన్న కాపలా చాలలేదు.

లూయిస్ గ్రంథం 1985 నవంబరు 18 రాత్రి జరిగిన కొన్ని క్షణాల వర్ణనతో ఆరంభమవుతుంది. వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్మన్‌ను టేలర్ వెనుక నుంచి పట్టాడు. థైస్మన్ కుడికాలి కింది భాగంలోని రెండు ఎముకలూ విరిగాయి. విరిగిన కొస చర్మాన్ని చీల్చుకొని వచ్చింది. వైద్యుల కోసం మొదట చేతులూపి పిలిచినవాడు టేలరే. ముప్పై ఆరేళ్ల థైస్మన్ మళ్లీ ఆడలేదు. వాషింగ్టన్ జట్టు ఎడమ చక్రాన్ని ఏళ్ల తరబడి కాచిన జో జాకబీ గాయం కారణంగా ఆనాడు మైదానంలో లేడు. లూయిస్ వాదమంతా ఈ లేమి మీద నిలుస్తుంది. ఒక మనిషి విలువ అతడు లేని రోజున తెలిసింది. తెలిసేసరికి ఇంకొకరి కాలు పోయింది.

అక్కడి నుంచి ఆయన డబ్బు లెక్కలోకి వెళ్తాడు. 1978లో నియమాలు మారి బంతి విసరడం సులువైంది. బంతి విసరడం పెరిగిన కొద్దీ విసిరేవాని దేహం జట్టు ఆస్తి అయింది. 1993లో ఆటగాళ్లకు జట్టు మారే స్వేచ్ఛ వచ్చింది. ఆ ఏడే లెఫ్ట్ టాకిల్ విల్ వూల్ఫర్డ్‌ను ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టు, బంతి ఆడే పక్షంలో అతనికంటె ఎవరికీ ఎక్కువ జీతం ఉండరాదన్న షరతుకు ఒప్పుకొని తెచ్చుకుంది. అంతవరకూ పేరైనా తెలియని ఉద్యోగానికి అది రాజపట్టం. గ్రంథం వెలువడే నాటికి క్వార్టర్‌బ్యాక్ తరువాత పెద్ద జీతం లెఫ్ట్ టాకిల్‌దే. ఇల్లు కట్టుకున్నవాడు బీమా కట్టక తప్పదు కదా అన్నది ఈ వాదపు సారం.

అయితే స్థానం విలువ వేరు, ఆ స్థానంలోకి వచ్చే మనిషి విలువ వేరు. డ్రాఫ్ట్ చరిత్రే ఈ తేడాకు సాక్ష్యం. 1989లో మొదటి అయిదు ఎంపికలలో నలుగురు తరువాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు: ట్రాయ్ ఐక్‌మన్, బ్యారీ శాండర్స్, డెరిక్ థామస్, డియాన్ శాండర్స్. అయిదోవాడు, వరుసలో రెండోవాడు, టోనీ మాండరిచ్. గ్రీన్ బే ప్యాకర్స్ కోరి తెచ్చుకున్న టాకిల్ అతడు. బీమాకు ప్రాధాన్యమిచ్చినవారే ఆ ఏడు అందరికంటె దారుణంగా నష్టపోయారు. మరోవైపు, ఎవరు లేకపోవడం థైస్మన్ కాలును బలిగొన్నదో ఆ జాకబీని 1981 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. డ్రాఫ్ట్ ముగిశాక వచ్చి చేరినవాడతడు.

ఆర్థికవేత్తలు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ ఈ అనిశ్చితిని కొలిచి చూశారు. 2013లో ప్రచురితమైన వారి పరిశోధనలో ఒక అంకె మరపురానిది: ఒకే స్థానంలో వెంటవెంటనే ఎంపికైన ఇద్దరిలో, ముందు ఎంపికైనవాడు రెండోవానికంటె మెరుగుగా ఆడే అవకాశం దాదాపు 52 శాతం. నాణెం ఎగరవేసినదానికంటె రెండు పాళ్లు ఎక్కువ. నెలల తరబడి కొలతలు, పరుగుపందేలు, వైద్యపరీక్షలు, ముఖాముఖి సంభాషణలు సాగించిన తరువాత మిగిలిన జ్ఞానం అది. మనిషిని గురించి ఇంత తక్కువ తెలిసినప్పుడు, కనీసం స్థానాన్ని గురించైనా సరిగా ఆలోచించాలన్నది సహజమైన మొగ్గు.

ఈ మొగ్గు బలపడిన కాలంలోనే 2018లో న్యూయార్క్ జెయింట్స్ దానికి ఎదురు నడిచారు. రెండో అవకాశంతో రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్లీని తీసుకున్నారు. 2013, 2014 సంవత్సరాలలో ఆ స్థానపువాడు మొదటి విడతలో ఒక్కడైనా ఎంపిక కాలేదన్న సంగతి గుర్తుంచుకుంటే ఇది ఎంత సాహసమో తెలుస్తుంది. బార్క్లీ గొప్పగా ఆడాడు, జట్టు ఓడుతూనే ఉంది. 2020లో అతని మోకాలి ముందరి క్రూసియేట్ స్నాయువు తెగింది. 2024లో అతడు ఫిలడెల్ఫియాకు మారి, ఆ ఒక్క ఏడాదిలో 2,005 గజాలు పరుగెత్తి, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. అక్కడ అతని ముందు నిలిచిన లెఫ్ట్ టాకిల్ జోర్డన్ మైలాటా. ఇతడు కూడా 2018 డ్రాఫ్ట్‌లోనే వచ్చినవాడు, 233వ ఎంపిక, అంతకుముందు ఈ ఆట ఎన్నడూ ఆడని ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాడు. ఒకే డ్రాఫ్ట్‌లో రెండోవాడు, 233వవాడు ఆరేళ్ల తరువాత ఒకే జట్టులో కలిసినప్పుడు గాని మొదటివాని విలువ పూర్తిగా బయటపడలేదు. ఒంటరిగా ఒక స్థానానికి విలువ కట్టడం ఎంత కష్టమో ఈ జంట చెబుతుంది.

ఇక సిన్సినాటి. 2020 డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశంతో బెంగాల్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ జో బరోను తెచ్చుకుంది. ఆ జట్టు 1991 జనవరి తరువాత నాకౌట్ ఆట ఒక్కటీ గెలవలేదు. బరో వచ్చాడు, పది ఆటలలో 32 సార్లు సాక్ అయ్యాడు. నవంబరు 22న వాషింగ్టన్ జట్టుతో ఆడుతుండగా అతని ఎడమ మోకాలిలోని స్నాయువులు రెండు తెగిపోయాయి. ఆనాడు ఎదుటి పక్షపు క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్. 2018 నవంబరు 18న, థైస్మన్ పడిన తేదీనే, స్మిత్ కాలు కూడా అదే విధంగా విరిగింది. గాయానికి సోకిన ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి రాగా, 17 శస్త్రచికిత్సల తరువాత అతడు మళ్లీ మైదానంలో నిలబడ్డాడు. ఒక కాలు తిరిగి వచ్చిన మైదానంలో మరొక కాలు కూలింది.

బెంగాల్స్ ఆ ఏడు నాలుగు ఆటలే గెలిచారు. అందువల్ల 2021 ఏప్రిల్ 29న వారికి అయిదో అవకాశం దక్కింది. వారి వంతు వచ్చేసరికి ఇద్దరు మిగిలి ఉన్నారు. ఒకడు ఓరెగాన్ విశ్వవిద్యాలయపు లెఫ్ట్ టాకిల్ పెనే సూవెల్. మరొకడు లూయిజియానా స్టేట్ విశ్వవిద్యాలయపు వైడ్ రిసీవర్ జమార్ చేజ్. 2019లో బరో విసిరిన బంతులను అందుకొని 20 టచ్‌డౌన్లు చేసి, ఇద్దరూ కలిసి జాతీయ విజేతలైన జట్టులో మెరిసినవాడు. మహమ్మారి కారణంగా 2020లో సూవెల్, చేజ్ ఇద్దరూ ఆడకుండా ఊరుకున్నారు. కాబట్టి పెద్దల ముందున్నది ఏడాదిన్నర పాతబడిన సాక్ష్యం.

లూయిస్ గ్రంథం చదివిన ఎవరినైనా అడిగితే సమాధానం తడుముకోనక్కరలేదు. కుర్రవాని మోకాలు తెగింది, కాపలావాణ్ణి తెండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమైనా సరే, రెండోసారి కాలకుండా చూడండి. అభిమానులలోనూ, వ్యాఖ్యాతలలోనూ పెద్ద వర్గం ఈ మాటే అన్నది. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఇది సహజంగా నచ్చే మాట. తెగిన స్నాయువును తిరిగి కూర్చగలరు గాని, తెగక ముందరి మోకాలిని ఏ శస్త్రవైద్యుడూ తిరిగి ఇవ్వలేడు.

ఎదుటి వాదం కూడా తేలికైనది కాదు. టాకిళ్లు బజారులో దొరుకుతారు, రెండో విడతలోనూ దొరుకుతారు. 2019లో తెచ్చుకున్న జోనా విలియమ్స్ అప్పటికే ఎడమ వైపు ఉన్నాడు. కుడి వైపుకు రైలీ రీఫ్ అనే అనుభవజ్ఞుణ్ణి ఆ మార్చిలోనే జీతానికి కుదుర్చుకున్నారు. గోడ అయిదుగురిది, అయిదుగురిలో ఒక్కణ్ణి బంగారంతో చేసినా, బలహీనుడైన ఇంకొకని పక్క నుంచి శత్రువు వస్తాడు. చేజ్ వంటి రిసీవర్ బజారులో దొరకడు. పైగా, త్వరగా ఖాళీ చోటుకు చేరుకునే సహచరుడు ఉంటే బంతి త్వరగా చేతి నుంచి వెళ్తుంది. అదీ ఒక కాపలాయే. ఈ వాదానికి లూయిస్ గ్రంథంలోనే బీజం ఉంది. బిల్ వాల్ష్ అనే శిక్షకుడు త్వరిత గతిన విసిరే చిన్న చిన్న పాసులతో ఆటను మలచిన తీరును ఆయన వివరంగా చెప్పాడు.

ఇవన్నీ నిపుణుల లెక్కలు. ఆ లెక్కలలో ఇమడని సంగతి ఒకటుంది. బరోకు చేజ్ మీదే మొగ్గు ఉన్నదన్న విషయం అప్పట్లో దాగలేదు. తెగిన మోకాలు ఎవరిదో, మళ్లీ తెగితే నొప్పి ఎవరు పడాలో, ఆ మనిషే కాపలావాణ్ణి కాక నేస్తాన్ని కోరుకున్నాడు. జట్టు సిబ్బంది విభాగపు అధిపతి డ్యూక్ టోబిన్, శిక్షకుడు జాక్ టేలర్ చేజ్‌నే ఎంచుకున్నారు. సూవెల్ ఏడో ఎంపికగా డెట్రాయిట్‌కు వెళ్లాడు. రెండో విడతలో బెంగాల్స్ జాక్సన్ కార్మన్ అనే టాకిల్‌ను తీసుకున్నారు, అతడు నిలదొక్కుకోలేదు.

ఆ ఆగస్టు సన్నాహక ఆటలలో చేజ్ బంతులు వరుసగా జారవిడిచినప్పుడు విమర్శకులకు తాము చెప్పినదే నిజమైనట్లు తోచింది. సెప్టెంబరులో, గాయపడి పది నెలలు నిండకముందే, బరో మైదానంలోకి వచ్చాడు. చేజ్ ఆ ఏడాది 1,455 గజాల బంతులు అందుకున్నాడు. 2022 జనవరి 2న కాన్సస్ సిటీ మీద ఒక్క ఆటలోనే 266 గజాలు సాధించాడు. బరో మాత్రం 51 సార్లు సాక్ అయ్యాడు. లీగ్‌లో మరెవరూ అన్నిసార్లు పడలేదు. టెనెసీతో జరిగిన నాకౌట్ ఆటలో తొమ్మిదిసార్లు పడి కూడా 19–16తో గెలిచాడు. ముప్పై ఒక్క ఏళ్ల ఎదురుచూపు తీరిన జట్టు సూపర్ బౌల్ దాకా వెళ్లింది.

2022 ఫిబ్రవరి 13న జరిగిన ఆ ఆటలో లాస్ ఏంజిలిస్ రామ్స్ చేతిలో బరో ఏడుసార్లు సాక్ అయ్యాడు. కుడి మోకాలు బెణికింది. చివరి నిమిషంలో జట్టు మూడు పాయింట్లు వెనుకబడి ఉంది. నాలుగో ప్రయత్నం, ఒక్క గజం కావాలి. బంతి బరో చేతికి వచ్చింది. మైదానం అంచున చేజ్ తనను కాస్తున్న జేలన్ రామ్సీని దాటి ఖాళీ చోట పరుగెత్తుతున్నాడు. బంతి అతన్ని చేరితే ఆట గెలిచినట్లే. బరో అతని వైపు చూసే వ్యవధి లేకుండా ఆరన్ డోనల్డ్ వచ్చి పట్టి గిరగిర తిప్పాడు. బంతి ఎవరికీ అందకుండా నేలమీద పడింది. రామ్స్ 23–20తో గెలిచారు.

సూవెల్‌ను కోరుకున్నవారికి ఇంతకంటె బలమైన సాక్ష్యం దొరకదు: తెచ్చుకున్నవాడు ఖాళీగా ఉన్నాడు, తెచ్చుకోనివాడు ఇవ్వగలిగిన క్షణం లేకపోయింది. కాని దృశ్యాన్ని మరొకసారి నిదానించి చూస్తే ఆ సాక్ష్యం చేతిలోంచి జారిపోతుంది. డోనల్డ్ వచ్చినది గోడ కొస నుంచి కాదు. లోపలి వైపు, గార్డ్ అనే ఆటగాడు నిలిచే సందులోంచి వచ్చాడు. సూవెల్ ఆ జట్టులో ఉన్నా ఆ సందు అతనిది అయ్యేది కాదు. చేజ్ లేకపోతే అసలు ఆ నాలుగో ప్రయత్నం దాకా జట్టు వచ్చేదా అన్నది వేరే ప్రశ్న. తరువాతి చరిత్ర కూడా తీర్పు చెప్పదు. 2022లో ముగ్గురు కొత్త కాపలావాళ్లను, 2023లో ఆర్లాండో బ్రౌన్ అనే లెఫ్ట్ టాకిల్‌ను బెంగాల్స్ పెద్ద జీతాలకు కొని తెచ్చారు. 2023లో బరో మణికట్టు స్నాయువు, 2025లో కాలి బొటనవేలు దెబ్బతిన్నాయి. చేజ్ 2024లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్లు మూడింటిలోనూ లీగ్‌కు మొదటివాడయ్యాడు; ఆ ఏడు జట్టు నాకౌట్‌కే చేరలేదు. సూవెల్ డెట్రాయిట్‌లో 2023, 2024 సంవత్సరాలలో దేశపు అత్యుత్తముల జాబితాకెక్కాడు. అది కూడా ఎక్కువగా కుడి వైపు టాకిల్‌గా ఆడి! గుడ్డివైపు ఒక్కటే ప్రమాదమన్న కాలం గడిచింది. ఇప్పుడు శత్రువు రెండు వైపుల నుంచీ, మధ్య నుంచీ వస్తున్నాడు.

నివారణ వైద్యానికి ఎప్పుడూ ఉన్న కష్టం ఇదే. శస్త్రచికిత్స తరువాత రక్తం గడ్డకట్టకుండా సూదిమందు ఇస్తారు. గడ్డ కట్టని రోగికి ఏమి తప్పిందో తెలియదు, కృతజ్ఞత చెప్పవలసిన అవసరమూ తోచదు. రాని పక్షవాతానికి కేసు షీటు ఉండదు. వచ్చిన రక్తస్రావానికి మాత్రం తేదీ, సమయం, సంతకం అన్నీ ఉంటాయి. అందుకే కాపలాకు విలువ కట్టడంలో లోకం తరచు పొరబడుతుంది, లూయిస్ ఆ పొరపాటును ఎత్తిచూపిన తీరు ప్రశంసనీయం. అయితే వైద్యంలో ఆ లెక్క పూర్తయ్యాక ఇంకొక మెట్టు ఉంది. గుండె లయ తప్పిన వృద్ధునికి రక్తం పలుచబరిచే మందు ఇస్తే పక్షవాతపు ముప్పు తగ్గుతుంది, రక్తస్రావపు ముప్పు పెరుగుతుంది. రెండు ముప్పులనూ శాతాలలో చెప్పగలరు. ఏ ముప్పుతో బతకడానికి అతడు సిద్ధమో ఆ శాతాలు చెప్పవు. దానికి అతణ్ణే అడగాలి. అడిగాక వైద్యునికి నచ్చని సమాధానం రావచ్చు.

సిన్సినాటి నిర్ణయంలో చర్చకు నిలిచేది ఈ మెట్టే. బరో ఎంచుకున్నది క్షేమం కాదు. తనకు తెలిసిన ఆటను, తెలిసిన నేస్తంతో, పూర్తిగా ఆడే అవకాశం. ఇరవై నాలుగేళ్ల యువకుడు తన మోకాలికి తానే సరైన న్యాయమూర్తి అవునా అన్న సందేహం న్యాయమైనదే. జట్టు పెద్దలకూ అతని కోరిక తీర్చడంలో సొంత లాభం ఉంది. రోగి కోరినదే వైద్యునికీ లాభసాటి అయినప్పుడు ఆ సమ్మతిని ఒకటికి రెండుసార్లు పరిశీలించాలి. అయినా ఏ స్థానం ముందు అన్న ప్రశ్నలో, ఆ నిర్ణయపు బరువు ఎవరి ఒంటిమీద పడుతుందో వారి మాటకు చోటు ఉండాలన్నది కాదనలేనిది. 51 సాక్‌ల ఏడాది తరువాత కూడా బరో ఆ ఎంపికను తప్పుపట్టలేదు.

లూయిస్ గ్రంథంలో లోపించినది ఈ చోటే. అందులోని యువకుడు మైకేల్ ఓర్. మెంఫిస్ నగరపు పేదరికం నుంచి ఒక సంపన్న కుటుంబం ఇంటికి చేరి, కళాశాలకు వెళ్లి, 2009 డ్రాఫ్ట్‌లో 23వ ఎంపికగా బాల్టిమోర్‌కు వెళ్లాడు. ఆ ఇంటి యజమాని లూయిస్‌కు చిన్ననాటి సహపాఠి. గ్రంథం ఓర్ దేహాన్ని ఎంతో శ్రద్ధగా వర్ణిస్తుంది: ఎత్తు, బరువు, చేతుల పొడవు, పాదాల చురుకు. ఎడమ చక్రాన్ని కాయడానికే పుట్టినవాడన్నట్లు చిత్రిస్తుంది. అతని గొంతు మాత్రం ఎక్కడా సరిగా వినపడదు. 2011లో ఓర్ స్వయంగా రాసుకున్న గ్రంథంలో, తనకు ఆట తెలియనట్లు సినిమా చూపించడం బాధించిందని చెప్పుకున్నాడు. 2023లో టెనెసీ న్యాయస్థానానికి వెళ్లి, తనను ఎన్నడూ దత్తత చేసుకోలేదనీ, సంరక్షకత్వపు ఉత్తర్వుతో తన ఒప్పందాలపై అధికారం తీసుకున్నారనీ ఆరోపించాడు. ఆ కుటుంబం ఆరోపణలను ఖండించింది. ఆ సెప్టెంబరులో న్యాయమూర్తి సంరక్షకత్వాన్ని రద్దు చేశారు. ఎవరి మాట ఎంతవరకు నిజమన్నది పక్కన పెట్టినా, ఒక స్థానపు విలువను అంత సూక్ష్మంగా కొలిచిన రచయిత ఆ స్థానంలో నిలబెట్టిన మనిషిని తగినంతగా అడగలేదన్న భావన మిగులుతుంది. 2013లో ఓర్ సూపర్ బౌల్ గెలిచిన రోజున అతడు ఆడినది కూడా కుడి వైపే.

ఇన్ని కొరతలున్నా 'ది బ్లైండ్ సైడ్' చదవదగిన గ్రంథం. మొదటి అధ్యాయం ఒక్కటే చదివినా చాలు; కొన్ని క్షణాల ఆటలో ఎంత చరిత్ర ఇమిడి ఉంటుందో తెలుస్తుంది. ఆట తెలియనివారు ఆ అధ్యాయం ముగించి, 2022 సూపర్ బౌల్ చివరి దృశ్యాన్ని వెతికి చూడవచ్చు. మొదటిసారి కన్ను బంతి వెంట పోతుంది. రెండోసారి మైదానం అంచున చేయెత్తి పరుగెత్తే చేజ్ మీద నిలుస్తుంది. మూడోసారి చూసేటప్పుడు బంతిని వదిలి, గోడలో ఎడమ వైపు లోపలగా నిలిచిన గార్డ్‌ను చూడాలి. డోనల్డ్ అతణ్ణి దాటివెళ్లడానికి రెండు క్షణాలైనా పట్టలేదు. ఆ మనిషి పేరు ఆ రాత్రి వ్యాఖ్యానాలలో పెద్దగా వినిపించలేదు.